రెండో బుష్షు

కిందటి వారం మనం మెకానికమ్మ చేత కార్బొరేటర్ నోట్లో వేలు పెట్టించి వదిలేశాం. పాపం, అప్పట్నుంచీ అలాగే ఉంది. ముందు ఆ వేలు బయటికి తీద్దాం.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కొండదారి మొదలయ్యే చోట రోడ్డు పక్కనున్న ఆ మోటార్ సైకిళ్ళ షెడ్డు ఒకప్పుడు ఆమె తండ్రిది. ఆయన చెవులు మొరాయించాక కూతురి చేతికొచ్చింది. వీధి వాళ్ళందరికీ ఆమె మెకానికమ్మ. షెడ్డు మూల టార్పాలిన్ కింద ఏళ్ళ తరబడి పడి ఉన్న రెండు సిలిండర్ల పాత బండి ఆమె అన్నది. ఆ బండి మీద అతను ఒకే ఒక్క పందెంలో దిగాడు. కొండ ఎక్కే పందెం. సగం కొండ దాకా అందరికంటే ముందున్నాడు. ఎత్తు పెరిగిన దగ్గర్నుంచి ఒక్కొక్కరే అతన్ని దాటుకుని పోయారు. కిందికి దిగాక "ఎక్సలేటర్ పిడి తిరగలేదు" అన్నాడు. ఎవరు నమ్ముతారు? పిడి తిప్పే గుండె లేదన్నారు, నవ్వారు, సగంచెయ్యి అని పేరు పెట్టారు. అతను ఎక్కడికెళ్ళినా ఆ పేరు అతనికంటే ముందే అక్కడికి చేరిపోయేది. కొన్నాళ్ళకి అతనూ నమ్మేశాడు. బండిని మూలకి నెట్టి, బస్సుల డిపోలో బళ్ళ రాకపోకలు రాసే కుర్చీలో కూర్చున్నాడు.

పక్క ఊళ్ళో పాత బళ్ళు పోగుచేసే పెద్దమనిషి ఒకాయన రేపు వచ్చి ఈ బండిని పట్టుకుపోతాడు. "నాకెందుకది, ఇచ్చెయ్" అన్నాడు అన్న. చెల్లెలు ఒకే ఒక్క కోరిక కోరింది. ఇచ్చేముందు ఒక్కసారి దాన్ని కొండెక్కించాలి, అతనే ఎక్కించాలి. ఆ పేరు అన్న నెత్తి మీద నుంచి దిగాలంటే ఇదే ఆఖరి అవకాశమని ఆమెకి గట్టి పట్టుదల. నెల రోజులు ప్రాణం తీస్తే సరేనన్నాడు. అదీ ఈవేళే. డ్యూటీ దిగి వస్తానన్నాడు.

అందుకే ఈ మరమ్మతంతా. పాత సైలెన్సర్లు తుప్పు పట్టి జల్లెడలైపోయాయి. అసలువి ఎక్కడా దొరకలేదు. చివరికి బయట తయారైన పొట్టి సైలెన్సర్లు తెచ్చి, ఇంజను నుంచి వచ్చే బెండు పైపులకి వదులుగా ఉంటే మధ్యలో రేకు చుట్టి, కొత్త క్లాంపులు చేయించి బిగించింది. సైలెన్సర్ మారితే ఇంజను ఊపిరి మారుతుంది. పొగ పోయే దారి సులువైంది కాబట్టి గాలి ఎక్కువ పీలుస్తుంది, దానికి తగ్గట్టు పెట్రోలు పెంచాలి. లేకపోతే ఇంజను కాగిపోతుంది, ప్లగ్గు సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. పెట్రోలు కొలిచి వదిలే చిన్న జెట్టు మార్చింది, పెట్రోలు దారిలోని సూదిని, నీడిల్‌ని, ఒక మెట్టు పైకెత్తింది. నెమ్మదిగా నడిపితే బాగానే ఉంది. గట్టిగా తోలడానికి పనికొచ్చే పెద్ద జెట్టు మార్చింది. తేడా లేదు. ఇంకా పెద్దది వేసింది. అయినా తేడా లేదు. ఎంత ఉప్పు వేసినా కూర రుచి మారడం లేదంటే ఉప్పు కూరలో పడటం లేదన్నమాట. అప్పుడు ఆమె గాలి వచ్చే వైపు నుంచి ఎడమ సిలిండరు కార్బొరేటర్లోకి వేలు పెట్టి, రెండో చేత్తో ఎక్సలేటర్ తిప్పి చూసింది. లోపల స్లైడు అనే తలుపు సగం దాకా లేచి టక్కున ఆగిపోయింది. పిడి కూడా అక్కడే ఆగింది.

మనం వదిలేసింది అక్కడ.

మెకానికమ్మ వేలు బయటికి తీసి గుడ్డకి తుడుచుకుంది. ఇంకోసారి తిప్పింది. సగం, టక్. కేబుల్ ఇరుక్కుందా అంటే అలాంటిది కాదు. ఇరుక్కున్న కేబుల్ గీరుతుంది, మూలుగుతుంది. ఇది గోడకి తగిలినట్టు ఆగుతోంది. కుడి పక్క కార్బొరేటర్లో వేలు పెట్టింది. అదీ అంతే, సగం, టక్. పిడి తిరగలేదు అన్నాడు అన్న. ఇన్నేళ్ళ తరవాత ఆ మాట నిజమని చెప్పడానికి ఒక ఇనప సాక్షి దొరికింది. 

ఎడమ దాని మూత విప్పింది. మూత పైకి రాగానే స్ప్రింగు సాగింది. స్ప్రింగు లోపల, కేబుల్ చుట్టూ, వేలి కణుపంత రాగి గొట్టం ముక్క ఒకటి తొడిగి ఉంది. షెడ్డు భాషలో బుష్షు. స్లైడు పైకి లేచి దాన్ని గుద్దుకుని ఆగుతోంది. కంపెనీ పెట్టింది కాదు. గొట్టాన్ని రంపంతో నిలువునా చీల్చి, కేబుల్ ఊడదీయకుండా పక్క నుంచి తొడిగి, ఊడిపోకుండా సన్న తీగతో కట్టారెవరో.

ఆమె ఆ తీగ మెలిక పట్టుకుని విప్పబోయింది. విప్పుతుంటే ఇంకా బిగిసింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ షెడ్డులో తీగ విప్పబోతే బిగిసిందంటే దానికి ఒకే అర్థం. ఆమె చిన్నప్పట్నుంచీ చూస్తోంది. తండ్రి, అన్న, తను, వచ్చే పోయే పనివాళ్ళు, అందరూ అవతలివైపు తిప్పి ముందు బిగించేసి, నాలిక్కరుచుకుని, ఇవతలివైపు తిప్పి విప్పేవాళ్ళు. ఎన్నిసార్లు విసుక్కున్నారో లెక్కలేదు. ఎడమచేతి వాటం మనిషి కట్టే తీగ మెలిక తిరగబడి ఉంటుంది. షెడ్డులో ఎడమచేత్తో పనిచేసింది ఒక్కరే.

"అమ్మా, ఒకసారి ఇలా రా."

తల్లి లోపలి గదిలోంచి టీ గ్లాసుతో వచ్చింది. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒకే తలుపు. ఆ తలుపు దాటి ఆవిడ మొగుడితో సమానంగా పాతికేళ్ళు ఇందులో పని చేసింది. కార్బొరేటర్లు కడగడం, వాల్వులు నూరడం ఆవిడ పని. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులని మానేసింది గానీ, ఎవరైనా నట్టు తప్పుగా బిగిస్తే మాత్రం వంటింట్లోంచే కేకేస్తుంది.

"చల్లారిపోతుంది, ముందు తాగు. మాటలు ఎక్కడికీ పోవు."

"ఈ తీగ ఎవరు కట్టారు?"

తల్లి చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టబోయి బల్ల అంచున పెట్టింది. మెకానికమ్మ పట్టుకోకపోతే కింద పడేది.

"ఎక్కడ దొరికింది?" అంది ఆవిడ.

"నువ్వు ఎక్కడ పెట్టావో అక్కడే."

తల్లి నీళ్ళు నమల్లేదు. "నేను కాదు" అనలేదు. పీట లాక్కుని కూర్చుంది. షట్టరు అవతల వసారాలో ఇనప స్తంభం పక్కన స్టూలు మీద కూర్చుని తండ్రి పాత చెయిన్లకి గ్రీజు రాస్తున్నాడు. ఆయన వైపు ఒకసారి చూసింది. ఆయనకి వినపడదు. చెవి మిషను కొనిచ్చారు గానీ అది పెట్టుకుంటే తన చెవిలో ఈగ దూరినట్టుంటుందని డబ్బాలో దాచాడు.

"పందేనికి ముందు రోజు ఆ ఆఖరి మలుపులో ఒకబ్బాయి పడ్డాడు, గుర్తుందా?" అంది తల్లి.

"కాలు విరిగిందన్నారు."

"మీకు అలా చెప్పారు. వాణ్ణి కొండ మీద నుంచి తెచ్చి మన షెడ్డు ముందే దింపారు. నీళ్ళు పట్టమంటే నేనే పట్టాను. మింగలేకపోయాడు. నీళ్ళు పక్క నుంచి కారిపోయాయి. వాడికీ మీ అన్నయ్య వయసే. వాడి అమ్మ ఎవరో, ఎక్కడుందో, ఆ నీళ్ళు నేను పట్టాను."

"అన్నయ్యని వెళ్ళొద్దని చెప్పొచ్చుగా."

"చెప్పానే. వినే రకమా వాడు? మీ నాన్నకి చెప్పాను. పిరికి మాటలు మాట్లాడకు, వాడు గెలుస్తాడు అన్నారు. మీకు చెప్పినా నవ్వారు. ఈ ఇంట్లో నా మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. కార్బొరేటర్ ఒక్కటే విన్నది."

మెకానికమ్మకి ఒళ్ళు మండిపోయింది. నిజం చెప్పాలంటే సగం కోపం, సగం ఏడుపు. తల్లి ఎందుకు చేసిందో అర్థమవుతూనే ఉంది, అది ఇంకా మండిస్తోంది.

"మరి వాడు పిడి తిరగలేదు మొర్రో అంటుంటే? ఊరంతా సగంచెయ్యి, సగంచెయ్యి అంటుంటే? నీకు వినపడలేదా?"

"ప్రతిసారీ వినపడింది. సగంచెయ్యి అయితేనేం, మనిషి నిండుగా ఇంటికొచ్చాడు కదా అనుకున్నాను." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "తరవాత చెబుదామనుకున్నాను. నాలుగు రోజులాగి చెబుదాం, కోపం చల్లారాక చెబుదాం అని. నేను ఆగుతున్న కొద్దీ చెప్పడం కష్టమైపోయింది. వాడి ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు. వాడు నన్ను అమ్మా అని పిలవడం మానేస్తాడని భయమేసింది. ఇదీ సంగతి. నన్ను తిట్టుకుంటావో కొట్టుకుంటావో నీ ఇష్టం."

మెకానికమ్మ తిట్టలేదు. కోపమొస్తే ఆమె మాట్లాడదు, పని చేస్తుంది. ఎడమచేతి మెలికని తిరగేసి విప్పి, రాగి బుష్షు ఊడబీకి జేబులో వేసుకుంది. కుడి పక్కకి వెళ్ళి పానా తగిలించింది.

"దాన్నెందుకు విప్పుతున్నావు?" అంది తల్లి.

"ఇందులో పెట్టింది కూడా తియ్యాలిగా."

"అందులో ఏం లేదు."

"ఉంది. ఇదీ సగమే లేస్తోంది. ఇప్పుడే చూశాను."

"లేదంటే వినవేం? పెట్టినదాన్ని నాకు తెలీదా? ఎడమదాంట్లో పెట్టి మూత బిగించాను. రెండోది విప్పబోతుంటే మీ నాన్న వచ్చేశారు. సామాన్లు కొంగు చాటున పెట్టుకుని లోపలికి పారిపోయాను. ఒక పక్కే ఆపితే కేబుల్ రెండో పక్కని లాగుతూనే ఉంటుంది, ఇంజను కుంటుతుందని నాకూ తెలుసు. మర్నాడు పొద్దున మీ నాన్న బండి స్టార్ట్ చేసి, చెవి దగ్గరగా పెట్టి, గట్టిగా రేసు చేసి విన్నారు. అయిపోయింది, దొరికిపోయాననుకున్నాను. తీరా ఆయన చెయ్యి తుడుచుకుని టీ అడిగారు. ఇంజను కూడా సమంగానే ఆడింది. అదెలా ఆడిందో నాకిప్పటికీ తెలీదు."

మాట పూర్తయ్యేసరికి కుడి మూత పైకి వచ్చింది. స్ప్రింగు లోపల ఇంకో బుష్షు ఉంది.

ఇది రాగి కాదు, ఇత్తడి. చీలిక లేదు, తీగ లేదు. లేత్ మీద తిప్పి, అంచులు నున్నగా మలిచి, కేబుల్ పూర్తిగా ఊడదీసి పద్ధతి ప్రకారం ఎక్కించినది. మెకానికమ్మ జేబులోంచి రాగిది తీసి రెండూ అరచేతిలో పక్కపక్కన నిలబెట్టింది. పొడుగులో వెంట్రుకవాసి తేడా లేదు. ఒకదాన్ని కొలిచి రెండోది చేశారు.

"ఇది నాది కాదు" అంది తల్లి.

షెడ్డు మూలనున్న లేత్ మీద ఆ రోజుల్లో చెయ్యి వేసే హక్కు ఒకే ఒక్క మనిషికి ఉండేది. కన్నకొడుకైనా సరే, పక్కన నిలబడి చూడాల్సిందే. తల్లీకూతుళ్ళిద్దరూ షట్టరు అవతలికి చూశారు. ఆయన చెయిన్‌ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో లంకెకీ వేలితో గ్రీజు అద్దుతున్నాడు. లోకం తనకి పట్టనట్టే ఉన్నాడు.

"నన్ను పట్టుకున్నారన్నమాట" అంది తల్లి మెల్లిగా. "పట్టుకుని ఊరుకున్నారు. ఇన్నేళ్ళూ నా పక్కన కూర్చుని అన్నం తిన్నారు." లేచి వసారా వైపు నడవబోయింది.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. డిపో యూనిఫారంలో, చంకలో పాత హెల్మెట్టుతో, అన్న వస్తున్నాడు.

తల్లి గిరుక్కున వెనక్కి తిరిగి కూతురి మోచెయ్యి పట్టుకుంది. "మళ్ళీ పెట్టెయ్."

"చస్తే పెట్టను."

"అయితే నువ్వు చెప్పకు. వాణ్ణి వెళ్ళి రానీ. వచ్చాక నేనే చెప్తాను. నా నోటితో. ఆ మాత్రం అవకాశం ఇవ్వు నాకు."

మెకానికమ్మ ఒక్క క్షణం ఆలోచించి తల ఊపింది. సరే అనడం తేలికే, మోయడమే కష్టమని తరవాత తెలిసింది ఆమెకి. అప్పటికి మాత్రం న్యాయంగానే అనిపించింది. రెండు బుష్షులూ జేబులో పడేసి మూతలు బిగించడంలో పడింది. రెండు కార్బొరేటర్లలోనూ చెరో వేలు పెట్టి, తల్లిని పిడి తిప్పమంది. రెండు స్లైడులూ కలిసి లేచాయి. సగం దాటాయి. పూర్తిగా పైకెళ్ళి ఆమె వేళ్ళకి దారి వదిలేశాయి. ఒకటి కాస్త ముందుగా లేస్తుంటే దాని కేబుల్ సర్దింది. 

అన్న బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఇవేం సైలెన్సర్లే, బూరల్లా ఉన్నాయి?"

"పాతవి జల్లెడలయ్యాయి. ఇవే దొరికాయి."

"చప్పుడు ఎక్కువేమో."

"మంచిదేగా. నాన్నకి వినపడుతుంది."

అతను నవ్వాడు. చాలా రోజుల తరవాత బండి సీటు మీద చెయ్యి వేశాడు, వేసి వెంటనే తీసేశాడు. అతని మెడ మీద చెమట పట్టడం చెల్లెలు చూసింది. అయినా చూడనట్టు ప్లగ్గు స్పానరు తుడుస్తూ నిలబడింది.

"విను. ఊరికే షికారు కాదు, పని మీద వెళ్తున్నావు" అంది. "పెద్ద జెట్టు సరిపోయిందో లేదో ప్లగ్గు రంగు చూస్తే గానీ తెలీదు. ఎత్తు మొదలయ్యాక మూడో గేరులో పూర్తిగా తిప్పు. నీళ్ళ ట్యాంకు దాకా అలాగే వెళ్ళు. ట్యాంకు దగ్గర క్లచ్ పట్టుకుని స్విచ్ ఆపెయ్. మలుపు దాకా పోకు. మళ్ళీ స్టార్ట్ చేశావంటే రంగు మారిపోతుంది, నా కష్టమంతా బూడిదలో పోసినట్టే. బండి తిప్పుకుని అలాగే జారుకుంటూ కిందికి వచ్చెయ్."

"పూర్తిగా అంటే?"

"పిడి ఎంత తిరిగితే అంత."

"నా చెయ్యి సంగతి తెలుసుగా" అన్నాడతను, ఎవరో మూడోమనిషి గురించి చెబుతున్నట్టు.

"బండి సంగతి నాకు తెలుసు. నువ్వు తిప్పు."

ఆ మాట అంటున్నప్పుడు జేబులో బుష్షులు తొడకి తగిలాయి. ఇప్పుడే చెప్పెయ్యమని లోపల ఏదో పోరింది. తల్లి ముఖం చూసి ఊరుకుంది.

మూడో కిక్కుకి బండి అందుకుంది. పొట్టి సైలెన్సర్లు ఒక్కసారి గొంతు సవరించుకుని, తరవాత లోతుగా, నింపాదిగా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. బల్ల మీద స్క్రూలు కదిలాయి. వసారాలో తండ్రి తలెత్తాడు. వినపడిందో లేదో గానీ, గ్రీజు చెయ్యి తుడుచుకుని పక్కనున్న ఇనప స్తంభం మీద అరచెయ్యి ఆనించాడు. చెవులు పోయాక ఆయన ఇంజన్లని చేత్తోనే వింటున్నాడు.

అన్న గేటు దాటాడు. మొదటి గేరు, రెండోది. ఎత్తు మొదలయ్యే చోట మూడోది. ముగ్గురూ చెవులు రిక్కించారు, ఆయన చెయ్యి రిక్కించాడనుకోండి. ఇంజను స్వరం పెరిగి పెరిగి ఒక దగ్గర ఆగింది. ఆ దగ్గర మెకానికమ్మకి తెలుసు. తల్లికీ తెలుసు. ఆ రోజు కొండ కింద నిలబడి విన్నది అంతవరకే. అక్కడ ఆగడం ఆ చేతికి అలవాటైపోయింది.

తరవాత ఆ స్వరం అక్కణ్ణుంచి పైకి లేచింది. మెల్లిగా కాదు. ఇన్నేళ్ళ అప్పు తీర్చేసినట్టు ఒక్క ఊపున లేచి కొండకి తగిలి తిరిగొచ్చింది. మెకానికమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపూ కాదు, నవ్వూ కాదు, హమ్మయ్య అనిపించింది, అంతే.

"రెండూ తీసేశావా?" అన్నాడు తండ్రి.

వినపడనివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలీదు. ఆయన మామూలుగా అడిగిన మాట వీధి అవతలికి కూడా వినపడుతుంది.

తల్లి విసురుగా ఆయన ముందుకెళ్ళి నిలబడింది. ఆయన చెవి దగ్గర వంగి, గట్టిగా, "రెండని మీకెలా తెలుసు?" అంది.

"ఒకటి నువ్వు పెట్టావు. ఒకటి నేను పెట్టాను. రెండవ్వా మరి?"

"నేను పెట్టానని తెలిసీ ఎందుకు తియ్యలేదు?"

"తీద్దామనే విప్పాను. నువ్వు లోపలికి పోయాక రేసు చేస్తే ఒక పక్క కుంటుతోంది, అలా పంపితే ఆ ఎత్తులో ఇంజను పట్టేస్తుంది. మూత తీశాను. నీ తీగ చూశాను." ఆయన అరచెయ్యి ఇంకా స్తంభం మీదే ఉంది. "నువ్వు పైకి చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆ తీగ చూశాక నవ్వు రాలేదు. ఎంత భయపడితే నువ్వు ఇంజను మీద అలాంటి పని చేస్తావు? నాకూ భయమేసింది. తియ్యబుద్ధి కాలేదు. ఇంకోటి చేసి రెండో పక్క కూడా పెట్టాను."

"మరి వాడు నలుగురిలో తల దించుకుంటే? పిడి తిరగలేదని మీ కాళ్ళావేళ్ళా పడి చెప్తే?"

"నిజం చెప్తే నీ తీగ బయటపడేది. వాడు నిన్ను జన్మలో క్షమించేవాడు కాదు."

"నా కోసమా?" ఆవిడ ఇంకా దగ్గరికి వంగింది. "నా పేరు చెప్పి వాణ్ణి ముంచారా?"

 "నా కోసం కూడా" అన్నాడాయన. "కన్నకొడుకు బండికి నేనే కళ్ళెం వేశానని ఏ మెకానిక్కు చెప్పుకుంటాడు? వాడు పిరికివాడంటే ఊరుకున్నాను. నేను పిరికివాణ్ణి అనిపించుకోలేక."

మెకానికమ్మ వాళ్ళిద్దర్నీ చూస్తూ నిలబడిపోయింది. ఎప్పటికో గానీ ఆమెకి కొండ మీద చప్పుడు లేదన్న సంగతి తట్టలేదు. ఆగి చాలాసేపైంది. కంగారుపడక్కర్లేదు, ఆపమన్నది తనే. ట్యాంకు దగ్గర ఇంజను ఆపి, స్టార్ట్ చెయ్యకుండా జారుకుంటూ రమ్మన్నదీ తనే. జీవితమంతా చప్పుడు విని బండి ఎక్కడుందో చెప్పగలిగిన మనుషులు ముగ్గురూ. ఈ బండి మాత్రం చప్పుడు లేకుండా దిగుతుందని ముగ్గురికీ గుర్తులేదు.

ఆమె తల తిప్పింది. గేటు దగ్గర బండి నిలబడి ఉంది. అన్న దాని మీదే కూర్చుని, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, హెల్మెట్టు తీసి పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో అడగక్కర్లేదు. తండ్రి గొంతుకి గేటు ఒక దూరమే కాదు.

తల్లి అతన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తండ్రి వాళ్ళ ముఖాలు చూసి, ఆ చూపులు వెళ్ళిన వైపు తిరిగి, స్తంభం మీద నుంచి చెయ్యి తీసేశాడు.

అన్న బండి దిగి లోపలికి నడిపించుకొచ్చి స్టాండు వేశాడు. "ప్లగ్గులు తియ్యి. చూడాలన్నావుగా" అన్నాడు.

మెకానికమ్మ స్పానరు తగిలించింది. గుడ్డలో పట్టుకుని ఒకటి, తరవాత రెండోది తీసి వెలుతురులో పెట్టింది. రెండూ ఒకే రంగు, నిఖార్సైన బిస్కెట్ రంగు. ఆమె చేతిలో ఇంతవరకూ ఏ బండీ ఇంత బాగా కుదరలేదు. 

"బాగున్నట్టేనా?"

"బాగుంది."

"ఇప్పుడు అవి ఇయ్యి."

ఏవి అని ఆమె అడగలేదు. జేబులోంచి రెండు బుష్షులూ, విప్పిన తీగా తీసి అతని చేతిలో పెట్టింది. అతను ఇత్తడిదాన్ని వేలితో తడిమి చూశాడు. రాగిదాని మీదికి తీగ చుట్టి మెలి పెట్టబోయాడు, పాత వంపు ఒప్పుకోలేదు, జారిపోయింది. తల్లి ఒక అడుగు ముందుకేసి ఎడమచెయ్యి చాపింది. "ఇలా ఇవ్వు నాన్నా..."

"వద్దు." అతను గుప్పిట మూసుకున్నాడు. తల్లి వైపు చూడలేదు. తండ్రి వైపూ చూడలేదు. చెల్లెల్ని అడిగాడు. "ఇవి ఎప్పుడు దొరికాయి?"

"ఇందాక."

"నేను రాకముందా?"

"ఆఁ."

"అయితే నువ్వు కూడానా" అన్నాడు. అరిచినా బాగుండేది. డిపోలో బస్సు నంబరు రాసుకున్నట్టు అన్నాడు. తరవాత హెల్మెట్టు తలకి పెట్టుకుని బెల్టు బిగించుకున్నాడు. బెల్టు కొక్కెం చేతిలోంచి రెండుసార్లు జారింది. భయంతో కాదది. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, చూపు ఎక్కడా నిలవడం లేదు.

"ప్లగ్గులు పెట్టెయ్. మలుపు మిగిలిపోయింది."

"ఇప్పుడు వద్దు రా" అంది తల్లి. "కొట్టు, తిట్టు, ఏమైనా చెయ్యి. ఇలా ఉన్నప్పుడు మాత్రం వెళ్ళకు."

అతను వినలేదు. మెకానికమ్మ అతని చేతులు చూసింది, కొండ వైపు చూసింది. ఆ ఆఖరి మలుపు ఇక్కడికి కనపడదు. గుడ్డలో ప్లగ్గులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. అవి లేకపోతే ఆ బండి వాకిలి దాటదు. ఒక్క మాట అనక్కర్లేదు, గుప్పిట గట్టిగా మూసుకుంటే చాలు. ఏ చోట నిలబడినందుకు ఇందాక తల్లిని నిలదీసిందో, ఇప్పుడు తనూ ఆ చోటే నిలబడి ఉందని అప్పుడు తెలిసింది ఆమెకి. తల్లి ఆమె గుప్పిటే చూస్తోంది. తండ్రి కూడా.

అన్న ఆమె ముందు చెయ్యి చాపి నిలబడ్డాడు.